ఎల్డన్ నోరు మూసుకున్న మూడు గంటలు

ఎల్డన్ ష్రేడర్‌కి రైలింజన్ల గురించి తెలియని విషయం లేదు. ఆ సంగతి తెలియనివాళ్లు కూడా ఆ ఊళ్లో లేరు. ముప్పయ్యారేళ్లు ఇంటింటికీ తిరిగి కుళాయిలూ వేణ్ణీళ్ల బాయిలర్లూ బాగుచేసి రిటైరైన మనిషి. రైల్వేలో ఒక్క పూట కూడా కొలువు చెయ్యలేదు. అయినా టీవీలో ఏ పాత సినిమాలోనైనా రైలు కనబడిందంటే చాలు, "ఆ ఏడు ఈ ఇంజన్ ఇంకా పుట్టనేలేదు, వీళ్ల మొహం మండా!" అని లేచి నిలబడేవాడు. అక్కడ హీరో ప్రాణాలు పోతున్నా ఆయనకి పట్టేది కాదు. పక్క కుర్చీలో గుడ్డముక్కలు కలిపి బొంత కుట్టుకుంటున్న భార్య వెల్మా తల ఎత్తకుండానే "ఊఁ" అనేది. నలభై రెండేళ్ల కాపురంలో ఆయన రైళ్ల గురించి చెప్పిన మాటలన్నిటికీ ఆవిడ ఇచ్చిన జవాబు ఆ ఒక్క ఊఁ మాత్రమే.

ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆవిడే ఈ టికెట్లు కొంది. పెలికన్ బే వినోదాల పార్కులో, గేట్లు తెరవకముందే, పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిది దాకా ఆవిరి రైళ్ల షెడ్డు లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. ఇంజన్‌కి నిప్పు రాజెయ్యడం దగ్గర్నుంచి పెట్టెలు తగిలించడం దాకా అంతా దగ్గరుండి చూడొచ్చు. టికెట్ల కవరు విప్పినప్పుడు ఎల్డన్ కాసేపు మాట్లాడలేకపోయాడు. ఆయన మాట్లాడలేకపోవడం చూసి వెల్మా ముచ్చటపడింది. ఆ ముచ్చటలోంచే ఆవిడకి ఒక ఆలోచన పుట్టింది.

ఆ ఆలోచన బయటపెట్టడానికి మాత్రం తెల్లవారుజామున ట్రక్కు హైవే ఎక్కేదాకా ఆగింది.

"ఎల్డన్, ఇవాళ ఆ టూర్ చూపించే మనిషిని నువ్వు దిద్దకూడదు."

"నేనెప్పుడు దిద్దాను ఎవర్నైనా?"

"పోయిన నెల చర్చిలో పాస్టరు గారు ప్రసంగంలో రైలు బ్రేకుల మాట ఎత్తితే లేచి నిలబడిందెవరు? నేనా?"

"అది బ్రేకు గాలి పోతే బండి ఆగకుండా పోతుందన్నాడే! గాలి పోతేనే బ్రేకు పడుతుంది. దేవుడి గుళ్లో నిలబడి అబద్ధం చెబుతుంటే..."

"చూశావా? చూశావా?" అంది వెల్మా. "పందెం వేసుకుందాం. ఈ మూడు గంటల్లో ఒక్క దిద్దుబాటు నీ నోట్లోంచి రాకూడదు. ప్రశ్నలడుగు, కబుర్లు చెప్పు, ఏమైనా చేసుకో. 'అది కాదమ్మా' అన్నావో, సోమవారానికల్లా నీ రైలు బొమ్మల గది నా కుట్టుపని గదైపోతుంది."

"నోరు మెదపకపోతే?"

"పెరట్లో పట్టాలేసుకో. నా గులాబీల్లో."

ఎల్డన్ ట్రక్కుని రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. మోకాలెత్తు కూడా లేని చిన్న రైలు, నిజంగా నీళ్లు పోస్తే నిజంగా ఆవిరితో నడిచేది, పెరడంతా చుట్టి రావాలని తొమ్మిదేళ్లుగా ఆయన కలలు కంటున్నాడు, ఏ పొద పక్కనుంచి ఎలా మలుపు తిరుగుతుందో వెల్మాకి చెబుతూనే ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆవిడ గులాబీలు అడ్డం. పెరట్లో ఎండ పడే చోటల్లా అవే మరి. ఆయన చెయ్యి చాచాడు, ఆవిడ పట్టుకుని గట్టిగా ఊపింది. మళ్లీ బండి కదిలింది. నోటికి కాపలాగా ఉంటుందని ఎల్డన్ ఒక పిప్పరమెంటు బిళ్ల బుగ్గన పెట్టుకున్నాడు.

షెడ్డు దగ్గరికి చేరేసరికి ఇంకో పదిమంది ఉన్నారు. అందరిలోకీ ఒకాయన కొట్టొచ్చినట్టు కనిపించాడు. చేతుల్లేని కోటు వేసుకున్నాడు, దానినిండా రకరకాల రైల్వే కంపెనీల బిళ్లలు గుచ్చుకుని ఉన్నాడు. పేరు డ్వైట్. అడగకముందే అందరికీ పేరు చెప్పి, తను ఇలాంటి టూర్లు పద్నాలుగు చూశానని కూడా చెప్పాడు. ఎల్డన్ ఆ బిళ్లలవైపు చూసి, అందులో మూడు కంపెనీలకి అసలు ఆవిరి ఇంజన్లే లేవని గుర్తుపట్టి, పిప్పరమెంటు ఆ బుగ్గనించి ఈ బుగ్గకి మార్చాడు.

టూర్ చూపించే అమ్మాయి పేరు మార్లిస్. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. చారల టోపీ చెవులమీదికి జారిపోతోంది. "నిన్నమొన్నటిదాకా రంగులరాట్నం దగ్గర పనిచేశానండీ, ఇక్కడికొచ్చి మూడు వారాలైంది, ఏమైనా తడబడితే ఏమనుకోకండి" అని నవ్వింది. ఎల్డన్‌కి ఆ పిల్ల అక్కడికక్కడే నచ్చేసింది. నచ్చినవాళ్లనే ఆయన ఎక్కువ దిద్దుతాడు, అదే గొడవ.

తలుపులు జరిగాయి. లోపల వెచ్చగా ఉంది. నూనె వాసన, తడి ఇనుము వాసన, ఎక్కడో నీళ్లు కారుతున్న సన్నటి చప్పుడు. మధ్యలో ఆకుపచ్చ రంగు ఇంజన్ నిలబడి ఉంది, పక్కన బంగారు అక్షరాలతో 'మిస్ ఓపల్' అని పేరు, కింద అయిదో నంబరు. ఎల్డన్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు. డెబ్బయ్యేళ్లొచ్చాక ఇంకా దేనికి సిగ్గు?

"ఈ ఇంజన్," అని మార్లిస్ గొంతు సవరించుకుంది, "పిట్స్‌బర్గ్‌లో పంతొమ్మిదివందల ఇరవై అయిదులో తయారైంది."

ఆ అమ్మాయి నిలబడిన చోట, సరిగ్గా ఆ అమ్మాయి భుజం పక్కనే, గుండ్రటి ఇత్తడి రేకు ఉంది. దానిమీద ఫిలడెల్ఫియా అనీ, 1907 అనీ, అద్దాల్లేకుండా కూడా చదవగలిగినంత పెద్ద అక్షరాలు పోతపోసి ఉన్నాయి. ఎల్డన్ నోరు తెరుచుకుంది. వెల్మా ఆయన కాలిమీద సుతారంగా తన కాలు పెట్టింది.

"అవునవును, ఇరవై అయిదు," అన్నాడు డ్వైట్, ఆ బిళ్లలన్నీ గలగలలాడేలా తలూపుతూ.

"అమ్మాయ్," అన్నాడు ఎల్డన్ వీలైనంత మెత్తగా, "చిన్న ప్రశ్న. నీ పక్కన ఆ రేకుమీద ఏం రాసుందో కాస్త చదువుతావా?"

వెల్మా ఆయన చెవి దగ్గరికి వంగింది. "అది ప్రశ్న కాదు, దొంగ దిద్దుబాటు. ఇంకోసారి చేశావంటే గది పోయినట్టే."

"ఏదో పాత రేకండీ, ఇంజన్ని అందంగా ఉంచడానికి పెట్టుంటారు," అంది మార్లిస్ దయగా. ఎల్డన్ పిప్పరమెంటుని కరకర నమిలేశాడు.

అక్కణ్ణించి ఆయన కష్టాలు ఒకటి కాదు. ఓపల్ ఒకప్పుడు హోండురాస్ అరటితోటల్లో గెలలు మోసిందని చెప్పింది మార్లిస్. క్యాబిన్ కింద చూస్తే లూసియానా చక్కెర మిల్లు ముద్ర ఇంకా చెరగలేదు. గంట పొగగొట్టం వెనకే ఉంటుందని చేత్తో చూపించింది. అక్కడేమీ లేదు, ఉత్త గాలి ఉంది. గంటేమో ఇంకా వెనగ్గా, పట్టాలమీద చల్లే ఇసక డబ్బాకీ ఆవిరి గోపురానికీ మధ్య హాయిగా వేలాడుతోంది. ఆ అమ్మాయి చూపించిన చోటుకేసి పదిమందీ మెడలెత్తి చూశారు. డ్వైట్ అయితే ఆ ఖాళీ జాగాకి ఫొటో కూడా తీసుకున్నాడు. ఎల్డన్‌కి చెమటలు పట్టాయి. రెండో పిప్పరమెంటు, మూడోది, నాలుగోది అయిపోయాయి. జేబులో ఇంకో రెండే ఉన్నాయి, గడియారం చూస్తే ఇంకా ఆరున్నర.

క్యాబిన్లో ఇంజన్ డ్రైవరు ఉన్నాడు. రూఫస్ టిల్‌మన్ అని, అరవై దాటిన నల్లటి పొడుగాటి మనిషి. నూనెలో ముంచిన గుడ్డపీలిక అంటించి నిప్పుగూట్లోకి విసిరాడు. భుగ్గుమని శబ్దం, ఇనపతలుపు సందుల్లోంచి నారింజరంగు వెలుగు. "మా ఓపల్ నిద్రలేవడానికి రెండుగంటలు పడుతుంది, తొందరపెడితే అలుగుతుంది," అన్నాడు కిందికి చూసి. జనం నవ్వారు. రూఫస్ చూపు ఎల్డన్ ముఖం మీద ఆగింది. ఎర్రగా కందిపోయిన ఆ ముఖం చూసి ఆయనకి అంతా అర్థమైనట్టుంది. మీసాల కింద నవ్వు దాచుకుంటూ ఆవిరి పీడనం చూపించే ముల్లుకేసి తిరిగిపోయాడు.

అప్పుడు కనిపించింది ఎల్డన్‌కి. షెడ్డు చివర మూల, పట్టాలమీద కాకుండా దుంగలమీద, చక్రాలూడదీసిన ఇంకో ఇంజన్ కూర్చుని ఉంది. ఎర్రరంగు, నాలుగో నంబరు. గంట పొగగొట్టం వెనకే ఉంది. పక్కన రేకు మీద పిట్స్‌బర్గ్, 1925. ఊడదీసిన చక్రాలు గోడవారగా వరసగా పెట్టి ఉన్నాయి, ముందువి చిన్నవి నాలుగు, పెద్దవి ఆరు.

ఎల్డన్‌కి ఒక్కసారిగా తెలిసిపోయింది. ఈ పిల్ల చెబుతున్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అంతా అక్షరాలా నిజం, ఈ ఇంజన్ గురించి కాదు, అంతే. రోజూ టూర్‌కి నిలబెట్టేది నాలుగో నంబరు. దాన్ని మరమ్మతుకి ఎక్కించి దీన్ని ముందుకి తెచ్చారు. మార్చిన సంగతి టూర్ పాఠం కాగితం రాసినవాళ్లకి పట్టలేదు. రంగులరాట్నం నుంచి వచ్చిన అమ్మాయికి ఏ ఇంజన్ అయినా ఇంజనే, ఇచ్చిన పాఠం వల్లెవేస్తోంది.

ఇప్పుడు మరీ కష్టమైపోయింది. ఇందాకటిదాకా తప్పు దిద్దాలన్న దురద ఒక్కటే. ఇప్పుడు ఆ పిల్లమీద జాలి కూడా. ఒక్కమాట చెవిలో చెబితే చాలు, తేలిగ్గా సర్దుకుంటుంది. 'చెవిలో చెప్పడం దిద్దడం కిందికి వస్తుందా?' అని వెల్మా కేసి చూశాడు. ఆవిడ గుడ్డమీద కుట్టు లెక్కపెడుతున్నట్టు కళ్లు చికిలించి ఆయన్నే చూస్తోంది. వస్తుంది, నిస్సందేహంగా వస్తుంది. ఎల్డన్ కళ్లు మూసుకుని గులాబీల్ని తలచుకున్నాడు. పచ్చగులాబీల గుబురు పక్కనించి మలుపు తిరుగుతున్న చిన్న రైలుని తలచుకున్నాడు. కడపటి పిప్పరమెంటు నోట్లో వేసుకున్నాడు.

ఎనిమిదిన్నరకి ముల్లు నిలబడాల్సిన చోట నిలబడింది. ఓపల్ ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. మార్లిస్ చప్పట్లు కొట్టి అందర్నీ దగ్గరికి పిలిచింది.

"ఇప్పుడు అసలైన బహుమతండీ! షెడ్డునించి స్టేషన్‌దాకా రూఫస్‌గారితోపాటు క్యాబిన్లో ఒక్కరంటే ఒక్కరు రావచ్చు. కూత తాడు కూడా లాగొచ్చు. ప్రశ్నకి ముందు ఎవరు జవాబు చెబితే వాళ్లకే."

క్యాబిన్! ఏడేళ్ల పిల్లాడిగా తాతతో స్టేషన్‌కి వెళ్లి, డ్రైవరు చెయ్యూపితే రాత్రంతా నిద్రపోనివాడు ఎల్డన్. జీవితంలో ఎప్పుడూ క్యాబిన్ ఎక్కలేదు.

"ఈ ఇంజన్‌కి మొత్తం చక్రాలెన్ని?" అంది మార్లిస్, కాగితం చాటున పెట్టుకుని.

ఎల్డన్‌కి తెలుసు. మూడేళ్ల పిల్లాడికి కూడా తెలుస్తుంది, వంగి లెక్కపెడితే. ఎనిమిది. కానీ ఎనిమిది అంటే కాగితంలో పది అని ఉంటుంది. 'కాదండీ, పది' అంటుంది ఆ పిల్ల. అప్పుడు ఎనిమిదే అని వాదించాలి. వాదించడమంటే దిద్దడమే. పది అందామా అంటే ఆ అబద్ధం తన గొంతులోంచి చచ్చినా రాదు. ఇన్ని ఆలోచనలూ ఆయన తలలో తిరిగేలోపు డ్వైట్ చెయ్యి లేచింది.

"పది! టెన్ వీలర్ అంటారు దీన్ని. ఎవర్నడిగినా చెబుతారు."

"కరెక్ట్!" అంది మార్లిస్. "రండి సార్, క్యాబిన్లోకి..."

ఎల్డన్ తల వంచుకున్నాడు. పోతే పోనీ. పెరడు దక్కింది. చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, ఇంజన్ కేసి చూడకుండా, తన చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆగమ్మా, ఆగు!"

ఎవరా అని ఎల్డన్ తలెత్తాడు. వెల్మా! చేతిసంచి చంకన ఇరికించుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చేసింది.

"పదేమిటి నీ మొహం! వంగి చూడు. ముందు చిన్నవి రెండు. పెద్దవి ఆరు. వెనక ఏమైనా ఉన్నాయా? లేవు. రెండూ ఆరూ సున్నా, ఎనిమిది. దీన్ని మోగల్ అంటారు, టెన్ వీలర్ కాదు. టెన్ వీలర్‌కి ముందు నాలుగుంటాయి, అదిగో ఆ మూల పడుందే, అదీ టెన్ వీలర్ అంటే. మోగల్ మెత్తటి నేలమీద బరువు లాగడానికి పుట్టింది, అందుకే చెరకుతోటల్లో వాడారు, అరటీ లేదు గిరటీ లేదు. గంట అక్కడుంది. ఆ రేకుమీద ఫిలడెల్ఫియా అని గుడ్డివాళ్లకి కూడా కనబడేలా రాసుంది. ఏమయ్యా బిళ్లలాయనా, పద్నాలుగు టూర్లు చూసి చక్రాలు లెక్కపెట్టడం రాలేదా నీకు?"

ఓపల్ ఒక్కతే బుస్సుమంది.

రూఫస్ పైనుంచి పగలబడి నవ్వడం మొదలెట్టాడు. కిందికి దిగి, ఏడుపు ముఖం పెట్టిన మార్లిస్ భుజం తట్టాడు. "నువ్వు చెప్పిందంతా నిజమే పాపా, నాలుగో నంబరు గురించి. బండి మార్చారు, నీ కాగితం మార్చలేదు. రెండు గంటల నుంచీ చెబుదామని నాలుక పీకుతోంది. టూర్ మాటల్లో డ్రైవర్లు నోరు పెట్టకూడదని రూలు పెట్టి చచ్చారు మాకు." మార్లిస్ ఒకసారి కాగితం కేసి, ఒకసారి ఇంజన్ కేసి చూసి, వంగి చక్రాలు లెక్కపెట్టి, తనూ నవ్వేసింది. డ్వైట్ మాత్రం ఫొటోలు చూసుకుంటూ దూరంగా జరిగాడు.

ఎల్డన్ నవ్వలేదు. ఆయన వెల్మానే చూస్తున్నాడు. నలభై రెండేళ్లు! ఎవరూ వినడంలేదనే ఆయన అంత గట్టిగా చెబుతూ వచ్చాడు. ఇంట్లో వినకపోబట్టేనేమో ఊళ్లో వాళ్లందరికీ చెప్పబోయాడు. ఈవిడేమో బొంతకి కళ్లప్పగించి, ఊఁ అంటూ, ఒక్కముక్క వదలకుండా వింటూనే ఉంది. రెండూ ఆరూ సున్నా అట! మెత్తటి నేల అట! ఆయనకి ఒళ్లు పులకరించింది. ఆవిణ్ణి అక్కడే, అందరి ముందూ, కావలించుకోవాలనిపించింది. కావలించుకున్నాడు కూడా.

"వదులు, జనం చూస్తున్నారు," అంది వెల్మా, విడిపించుకోకుండానే. తర్వాత తను చేసిన పని అప్పుడే గుర్తొచ్చినట్టు నోటిమీద చెయ్యేసుకుంది. "అయ్యో, ఆ అమ్మాయిని అంత మాటన్నానా నేను?"

"అన్నావు. నేనైతే ఇంకాస్త మెత్తగా చెప్పేవాణ్ణి."

"మరి క్యాబిన్లోకి ఎవరు రావాలి?" అన్నాడు రూఫస్. "జవాబు చెప్పింది ఈవిడ కదా."

"ఈయన్ని ఎక్కించండి," అంది వెల్మా చప్పున. "నాకెందుకు, నాకు మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. ఈయన డెబ్బయ్యేళ్లుగా..."

ఎల్డన్ క్యాబిన్ కేసి చూశాడు. ఎర్రటి చక్రాల్లాంటి మరలు, నీళ్ల గాజుగొట్టం, తళతళలాడే ఇత్తడి పిడి. రెండడుగుల దూరం.

"జవాబు చెప్పింది నువ్వు," అన్నాడు. "నువ్వే ఎక్కు. నేను వెనక పెట్టెలో కూర్చుంటా."

"పిచ్చా నీకు?"

"ఎక్కవే బాబూ, బండికి ఆలస్యమవుతోంది!"

ఒక చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని, ఇంకో చెయ్యి నడుముకి ఆనించి, ఒక్కో మెట్టే ఎక్కించాడు. పైకి చేరాక వెల్మా కిటికీలోంచి తల బయటపెట్టింది. బుగ్గలు ఎర్రబడి, జుట్టు ఆవిరికి చెదిరి, పెళ్లిరోజు కంటే బాగుంది. ఆ మాట ఎల్డన్ పైకే అన్నాడు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు.

అందరూ పెట్టె ఎక్కారు. ఎల్డన్ ముందు బెంచీలో, మార్లిస్ ఆయన పక్కన కూర్చున్నారు. క్యాబిన్లోంచి రూఫస్ గొంతు వినిపించింది. "బయల్దేరేముందు రెండు పొడుగు కూతలు వెయ్యాలి వెల్మాగారూ. ముందుకి పోతున్నామని అందరికీ తెలియాలి కదా. లాగండి."

కూత వచ్చింది. రెండు పొడుగు కూతలు కావు. కూ, కూ, కూ. మూడు పొట్టి కూతలు.

వెనక్కి నడుపుతున్నామని దానర్థం. వెనకున్నవాళ్లంతా పట్టాలమీంచి తప్పుకోవాలని. షెడ్డులో దూరంగా ఉన్న పనివాళ్లు ఇద్దరు నిజంగానే తప్పుకున్నారు. ఎల్డన్ ఒళ్లు జలదరించింది. జీవితంలో ఇంత తప్పు కూత, ఇంత దగ్గర్నుంచి, ఆయన ఎప్పుడూ వినలేదు.

మార్లిస్ ఆయన వైపు వంగి రహస్యంగా అడిగింది. "సార్, మీకు బాగా తెలిసినట్టుంది. అది సరైన కూతేనా?"

తొమ్మిదింటికింకా పది నిమిషాలున్నాయి, పందెం ఇంకా నడుస్తూనే ఉంది. అయినా ఎల్డన్‌కి ఆ సమయంలో పెరడూ గుర్తులేదు, గదీ గుర్తులేదు. కిటికీలోంచి ఊగుతున్న ఆ నెరిసిన జుట్టే కనిపిస్తోంది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు పెద్దగా, అక్కడికి వినబడేలా. "సరిగ్గా అలాగే వెయ్యాలి."

ముందునుంచి వెల్మా తల పూర్తిగా బయటికొచ్చింది. "అబద్ధాలకోరా! మూడు కూతలు వేశాను నేను. అది వెనక్కి పోయే కూత. చెయ్యి జారింది. నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసి మరి బాగుందంటావేం?"

"బాగుంది కాబట్టి."

వెల్మా లోపలికి తిరిగి, రెండు చేతులతో తాడు పట్టుకుని, గోడలు అదిరేలా రెండు పొడుగు కూతలు వేసింది. ఓపల్ ఒక్క కుదుపుతో కదిలింది. షెడ్డు చీకట్లోంచి ఎండలోకి వస్తుండగా ఆవిడ మళ్లీ కిటికీలోంచి తొంగిచూసి, ఆవిరి హోరులో గొంతు చించుకుని అరిచింది.

"పచ్చగులాబీల పక్కనుంచి వద్దు ఎల్డన్! మధ్యలోంచే వేసుకో పట్టాలు! వాటిని నేను వేరే చోట నాటుకుంటా!"